పాఠం మీదే

ఐదో తరగతి గదిలో ఒక్క గోడకే రంగు వేశారు. కెమెరాకు కనబడేది అదొక్కటే. లేత నీలం ఇంకా ఆరలేదు. తక్కిన మూడు గోడలూ పెచ్చులూడి, పిల్లలు తలలానించిన చోటల్లా జిడ్డు మరకలతో ఎప్పటిలాగే ఉన్నాయి. లెక్కల టీచరు గుమ్మంలో నిలబడి, తన నల్లబల్ల చుట్టూ ఎవరో అంటించిన కాగితం పూలను చూస్తోంది.

"ముట్టుకోకండి మేడం, తడి," అన్నాడు దర్శకుడు. పల్చటి గడ్డం, మెడలో చెవులకు పెట్టుకునే యంత్రం, మాటకు ముందే చెయ్యి ఊపే అలవాటు.

"బోర్డు మీద రాయడానికి చోటేదండీ?"

"కింద అంత ఉంది కదా. మీరేం పెద్దగా రాయనక్కర్లేదు. లెక్కలన్నీ మేం తర్వాత బొమ్మల్లో వేసుకుంటాం."

కొత్త పథకం పేరు 'ఒకే పాఠం'. అన్ని బడుల్లోనూ ఒకే రోజు, ఒకే గంటకు, ఒకే టీచరు తెర మీద కనబడి పాఠం చెబుతుంది. బడిలో ఉన్న టీచరు చెయ్యవలసిందల్లా తెర వెలిగించడం, ఆర్పడం, మధ్యలో పిల్లలు అల్లరి చెయ్యకుండా చూడడం. భిన్నాల పాఠానికి తెర మీది టీచరుగా ఈమెను ఎంపిక చేశారు. పథకం ఆమెకు నచ్చలేదు. ఎంపిక కావడం మాత్రం నచ్చింది. రెండూ ఒక్క మనసులోనే ఎలా ఇమిడాయని ఆమె తనను తాను అడుక్కోలేదు. పెట్టె అడుగునుంచి మంచి చీర తీసి, ఇస్త్రీ చేయించి కట్టుకొచ్చింది.

హెడ్మాస్టరు హడావిడిగా వచ్చాడు. "టీచర్ గారూ, పిల్లల్ని ఎంచారా? బెంచీలు తక్కువ తెచ్చారట. చురుకైనవాళ్ళని, కాస్త శుభ్రంగా ఉన్నవాళ్ళని కూర్చోబెట్టమంటున్నారు."

"మిగతావాళ్ళు?"

"వరండాలో డ్రిల్లు మాస్టారు చూసుకుంటారు. ఈ రెండు మూడు రోజులే కదమ్మా."

ఆమె తరగతి వైపు తిరిగింది. నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్న పిల్లలంతా ఒక్కసారి నిటారుగా అయ్యారు. ఎవరి పేరు పిలుస్తుందో అని కొందరు ఊపిరి బిగబట్టారు. ఆమె వేలు చూపించింది. నువ్వు, నువ్వు, వెనక రిబ్బన్ల అమ్మాయీ. సగం మంది లేచి కొత్త బెంచీల్లోకి వెళ్ళారు. మిగిలిన సగం మందికి ఎవరూ ఏమీ చెప్పలేదు. వాళ్ళే సంచులు సర్దుకుని వరండాలోకి నడిచారు. ఏ ఆటలోనైనా తమను చివర్న పిలుస్తారని తెలిసినవాళ్ళ నడక అది. లెక్కల టీచరు అటు చూడకుండా సుద్దముక్కలు వెతుక్కుంది.

భిన్నాల పాఠంలో ఆమె పద్ధతి చాలా మామూలుది. పాత వార్తాపత్రికల్ని సమానమైన పొడుగు పట్టీలుగా కత్తిరించి పిల్లలకిస్తుంది. ఒక పట్టీని మూడు మడతలు, ఇంకోదాన్ని నాలుగు మడతలు పెట్టమంటుంది. చింపేలోగా అడుగుతుంది: మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? అందరూ నాలుగో వంతే అంటారు, నాలుగు పెద్ద అంకె కనక. అప్పుడామె నోరు మూసుకుంటుంది. కాదనదు, అవుననదు. గది అంతా అనుమానంతో బరువెక్కేదాకా కదలదు. ఎవరో ఒకరు తమ పట్టీని పక్కవాడి పట్టీ మీద పెట్టి చూసుకుంటారు. అక్కడి నుంచి పాఠం దానంతటదే నడుస్తుంది.

"కట్," అన్నాడు దర్శకుడు, ఆమె నోరు మూసుకోగానే. "ఏమైంది మేడం? మర్చిపోయారా?"

"లేదండీ. ఆలోచించుకోనిస్తున్నాను."

"తెర మీద అంతసేపు మాట లేకపోతే కరెంటు పోయిందనుకుంటారు. వెంటనే జవాబు చెప్పించేయండి."

వెంటనే చెప్పించింది. రెండోసారి గొంతు బొంగురుగా ఉందన్నారు. ఇన్నేళ్ళుగా రోజంతా వాగితే గొంతు ఇంకెలా ఉంటుందని ఆమె అనలేదు, మంచినీళ్ళు తాగింది. మూడోసారి దీపాల వేడికి చెమట పట్టిందన్నారు. ఒకమ్మాయి వచ్చి ఆమె మొహానికి పొడి అద్దింది. ఆ పొడి మీద నుంచే మళ్ళీ చెమట కారింది. తర్వాత చెయ్యి తలకు తగిలి, మూడు రోజుల కిందట రంగేసిన జుట్టు పాయ విడిపోయి కింది తెలుపు బయటపడింది. కెమెరామన్ దర్శకుడి చెవిలో ఏదో అన్నాడు. దర్శకుడు వెనక కుర్చీలో ఉన్న విద్యాశాఖ అధికారి చెవిలో ఏదో అన్నాడు. అధికారి వచ్చి ఎంతో మర్యాదగా ఆమె పక్కన నిలబడ్డాడు.

"మేడం, పాఠం మాత్రం అద్భుతం. పాఠం మీదే. అందులో సందేహం లేదు. ముఖం మాత్రం వేరే పెడదామనుకుంటున్నాం."

ఆమెకు అర్థం కాలేదు. "ముఖం పెట్టడమేమిటండీ?"

"ఒక నటి వస్తుంది రేపు. మీరు పక్కన కూర్చుని ఆవిడకు నేర్పించాలి. మీరెలా చెబుతారో అచ్చం అలాగే. మీ పేరు కూడా వేస్తాం, చివర్లో."

---

"ఎలా జరిగింది?" అని గుమ్మంలోనే అడిగింది అత్తగారు. ఆ పూట ఆవిడ వీధిలో కూరగాయలమ్మే మనిషి దగ్గర్నుంచి మేడమీద అద్దెకుండేవాళ్ళ వరకూ అందరికీ చెప్పేసింది, మా కోడలు టీవీలో పాఠం చెబుతోందని.

"నేను కాదు అత్తయ్యా. ఎవరో సినిమా పిల్ల చెబుతుందట."

"అదేంటే! ఆ పిల్లకి లెక్కలొచ్చా?"

"రావక్కర్లేదట. నేను నేర్పుతానట."

అత్తగారు కాసేపు ఆలోచించింది. "అంటే మరీ మంచిది కదా అమ్మాయ్. సినిమావాళ్ళకే పాఠం చెప్పే స్థాయి అన్నమాట. అలాగే చెప్తాలే అందరికీ."

నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె కాళ్ళు కడుక్కోవడానికి పోయింది. భర్త లిఫ్టులు బాగుచేసే మనిషి. ఒంటి నిండా గ్రీజు వాసనతో వచ్చి, సంగతంతా విని, అన్నం కలుపుకుంటూ అన్నాడు: "అందులో అంత బాధపడాల్సిందేముంది? పాఠం నీదేగా? ఎవరు చెబితేనేం?"

"రేపు మీ కంపెనీవాడు ఎవర్నో అందంగా ఉన్నవాణ్ణి తెచ్చి, నీ పానా వీడి చేతికివ్వు, ఎలా తిప్పాలో చెప్పు, ఫొటో వీడిది వేస్తాం అంటే?"

"వాడు తిప్పితే లిఫ్టు కదలదు."

"మరి నా పిల్లలు కదుల్తారా?"

అతను మజ్జిగ గ్లాసు ఆమె వైపు జరిపాడు. ఆమె తాగకుండా లేచింది. కోపం ఎవరి మీదో తెలిస్తే కాస్త సుఖంగా ఉండేది. దర్శకుడి మీదంటే, అతని పని అతను చేస్తున్నాడు. అధికారి మీదంటే, అతను నమస్కారం పెట్టి మరీ చెప్పాడు. తిరిగి తిరిగి ఆ కోపం చీర కట్టుకుని వెళ్ళిన తన మీదకే వచ్చి ఆగింది.

నటి మర్నాడు బడి మొదలయ్యే వేళకే వచ్చింది. పాతికేళ్ళకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. సబ్బుల ప్రకటనలో చూసిన మొహమే. లెక్కల టీచరు కట్టుకునే రకం నేతచీరే ఆమెకూ కట్టారు, కాకపోతే ముడతే లేదు. కళ్ళజోడు కూడా పెట్టారు, అద్దాలు లేనిది.

"నమస్తే మేడం. ఎక్కడ్నుంచి మొదలుపెడదాం?"

"మొదటినుంచి," అంది లెక్కల టీచరు పొడిగా.

నేర్పించడంలో కావాలనే తొందరపడింది. ఒకసారి చెప్పి ఊరుకుంది. రెండోసారి అడిగితే చెబుదాం, అడగడానికి మొహమాటపడనీ అనుకుంది. నటి అడగలేదు. పట్టీలు తీసుకుని మడతపెట్టింది. నాలుగు మడతలు ఎవరైనా పెడతారు. సగానికి సగం. మూడు సమానంగా రావడమే కష్టం. ఆమె పట్టీని గుండ్రంగా చుట్టి, రెండు వేళ్ళ మధ్య అదిమి, సరిచూసుకుని నొక్కింది. మూడూ సమానంగా వచ్చాయి. లెక్కల టీచరు కనుబొమలు ముడిపడ్డాయి.

తర్వాత నటి కొత్త సుద్ద తీసుకుంది. తీసుకోగానే రెండుగా విరిచి, వేలితో చివర రుద్దింది. కీచుమనకుండా. బోర్డు మీద రాసేటప్పుడు వీపు తిప్పలేదు. ఒక భుజం గోడకు, కళ్ళు పిల్లలకు ఇచ్చి, పక్కకు నిలబడి రాసింది.

"ఇదివరకు టీచరు వేషం వేశావా అమ్మా?"

"లేదండీ. ఇదే మొదటిసారి," అంది నటి, బోర్డు తుడుస్తూ.

కెమెరా ముందు ఆమె దర్శకుడు చెప్పినట్టే చేసింది. ఎక్కడ నవ్వమంటే అక్కడ నవ్వింది. ప్రశ్న అడగగానే జవాబు తీసుకుంది. పిల్లలు బాగా మురిసిపోయారు. లెక్కల టీచరు తలుపు పక్కన స్టూలు మీద, తన మాటలే ఇంకొకరి నోట తియ్యగా వినబడుతుంటే, పంటి కింద రాయి పడినట్టు కూర్చుంది.

మధ్యాహ్నం దర్శకుడు వరండాలో పచార్లు చేస్తూ ఒకచోట ఆగాడు. "ఈ పాప ఎవరు? ఈ కళ్ళను బయట కూర్చోబెట్టారేంటి మేడం? ముందు బెంచీలో పెట్టండి."

ఆ పిల్లను తరగతంతా 'ఎందుకమ్మ' అని పిలుస్తారు. కూర్చోమంటే ఎందుకండీ, రాయమంటే ఎందుకండీ. నాలుగో తరగతి టీచరు ఈ పిల్లను అప్పగిస్తూ, "నా వల్ల కాలేదు, నీ అదృష్టం," అని నవ్వింది. ఎందుకమ్మ పెద్ద కళ్ళతో బెంచీలోకి వచ్చి కూర్చుని, బల్ల మీద చెయ్యి వేసి చూసుకుంది. బెంచీ ఆ పిల్లకు కొత్త.

---

మూడో రోజు తీయవలసింది చివరి ముక్క. నటి అడగాలి, ఎందుకమ్మ లేచి "మూడో వంతే పెద్దది టీచర్" అనాలి, అందరూ చప్పట్లు కొట్టాలి. అంతే.

మొదటిసారి ఎందుకమ్మ సరిగ్గానే చెప్పింది. ఎవరో దగ్గారు. రెండోసారీ సరిగ్గానే చెప్పింది. చప్పట్లు సరిపోలేదన్నారు. మూడోసారి లేచి నిలబడి, నోరు తెరిచి, ఆగి, చేతిలోని పట్టీ చూసుకుంది.

"మూడో వంతే పెద్దది టీచర్," అంది. మళ్ళీ అంది, "ఎందుకండీ? నాలుగు కదా పెద్దది?"

పిల్లలు గొల్లుమన్నారు. దర్శకుడు నుదురు కొట్టుకుని 'కట్' అన్నాడు. నటికి అది వినబడినట్టు లేదు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, బెంచీ పక్కన గొంతుకూర్చుంది. పిల్ల కంటే తన తల కిందకి వచ్చేలా.

"నీ పట్టీ ఇలా ఇవ్వు. ముగ్గురికి పంచావు. ఇప్పుడు ఇంకొకరొచ్చారనుకో. కొత్త పట్టీ ఇవ్వను, ఇదే. ఏం చేస్తావ్?"

ఎందుకమ్మ ఆలోచించింది. నటి ఏమీ అనలేదు. గది ఊరుకుంది.

స్టూలు మీది లెక్కల టీచరు లేచి నిలబడింది. పిల్ల ముందు ఆ విధంగా కూర్చోవడం, అడిగి నోరు మూసుకోవడం ఆమె నేర్పలేదు. దర్శకుడు అసలే నేర్పలేదు.

"కట్ అన్నానండీ!" దర్శకుడు గొంతు పెంచాడు. "మనం పాఠం తీస్తున్నాం, పాఠం చెప్పడం లేదు. ఆ పాపను మార్చండి. ఆ రిబ్బన్ల పాపతో చెప్పించండి."

హెడ్మాస్టరు చెయ్యి ఊపాడు. ఎవరూ రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. ఎందుకమ్మ సంచీ భుజాన వేసుకుని బెంచీలోంచి బయటికి జరిగింది. ఒక్కసారైనా ఎందుకండీ అనలేదు.

దాన్నే లెక్కల టీచరు తట్టుకోలేకపోయింది.

"కూర్చో," అంది.

ఎందుకమ్మ ఆగింది. హెడ్మాస్టరు ఆమె వైపు చూశాడు.

"కూర్చో అమ్మా. అడిగావుగా, జవాబు తీసుకుని వెళ్దువుగాని."

"మేడం, ఇంకొక్క షాట్ అండీ," అన్నాడు దర్శకుడు.

"ఆ పిల్లకు అర్థం కాలేదండీ."

"అర్థం కావడం సంగతి తర్వాత. నాకు డైలాగ్ కావాలి."

"నాకు గది కావాలి. ఇది నా పిరియడు." ఆమె వరండాలోకి వెళ్ళి, "అందరూ లోపలికి రండి," అంది. డ్రిల్లు మాస్టారు వెంటనే ఈల నోట్లోంచి తీసేశాడు. పిల్లలు మొదట నమ్మలేదు. తర్వాత తోసుకుంటూ వచ్చారు. బెంచీలు చాలక దీపాల తీగల మధ్యన, కెమెరా కాళ్ళ పక్కన, నీలం గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆ పొద్దున్నే మళ్ళీ పూసిన రంగు పది తలలకు అంటుకుంది.

అధికారి మొహం ఎర్రబడింది. "మేడం, మీరేం చేస్తున్నారో తెలుసా? ఇది పైనుంచి వచ్చిన పని."

"తెలుసండీ."

"సంజాయిషీ ఇచ్చుకోవాల్సొస్తుంది."

"ఇస్తానండీ."

ఆమె గొడవకు సిద్ధపడింది. కాని గొడవ జరగలేదు. దర్శకుడు వాచీ చూసుకుని భుజాలెగరేశాడు. "పోనీలెండి సార్. దాదాపు అయిపోయినట్టే. మిగతా ముక్క సెట్లో తీసుకుంటాం. ప్రకటనల్లో చేసే పిల్లలున్నారు, వాళ్ళయితే ఒక్క టేక్‌లో చెప్పేస్తారు. సామాన్లు ఎత్తండిరా."

అంతే. ఆమె అంత తెగించి అడ్డుపడితే, వాళ్ళకు పట్టీ చివర పిసరంత కూడా చిరగలేదు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. బెంచీలు కూడా వాళ్ళవేనట. పిల్లల్ని లేపి మరీ మోసుకుపోయారు. గది మళ్ళీ నేల మీదికి వచ్చింది. ఒళ్ళు మండింది ఆమెకు. కనీసం వాళ్ళకు కాస్త నష్టం కలిగినా బాగుండేది.

వెనక్కి తిరిగితే నటి ఇంకా అక్కడే ఉంది. అద్దాలు లేని కళ్ళజోడు తీసి కిటికీలో పెట్టింది.

"నువ్వు వెళ్ళలేదా?"

"వ్యాన్లో సామాన్లు ఎక్కించడానికి టైం పడుతుందండీ."

"నిన్న అబద్ధం చెప్పావు నాకు."

"అబద్ధం కాదండీ. వేషం వెయ్యలేదన్నాను. నిజంగా పాఠం చెప్పావా అని మీరు అడగలేదు కదా." నటి తల వంచుకుంది. "ట్రైనింగ్ అయ్యాను. పరీక్ష పాసయ్యాను. ప్రైవేటు బడిలో కొన్నాళ్ళు చెప్పాను కూడా. పోస్టింగ్ కోసం చూస్తూ చూస్తూ ఉన్నాం, నాలాంటివాళ్ళం చాలామందిమి. పోయినేడు ఆపేశారు, ఇంక టీచర్లు అంతమంది అక్కర్లేదని."

"ఎందుకని?"

నటి నల్లబల్ల వైపు చూసింది. దాని చుట్టూ కాగితం పూలు అలాగే ఉన్నాయి. "తెరలొస్తున్నాయి కదండీ."

లెక్కల టీచరు రెండు రోజులుగా ఈ పిల్లను మనసులో ఎన్ని మాటలందో అవన్నీ నోటి దాకా వచ్చి, తిరిగి లోపలికి పోయాయి. "తెలిసే ఒప్పుకున్నావా?"

"మా అమ్మకు చెప్పాను, టీచరు ఉద్యోగం వచ్చిందని," అంది నటి. నవ్వబోయింది, రాలేదు. "ఒక్కసారైనా క్లాసులో నిలబడొచ్చు కదా అనుకున్నానండీ. నిజం పిల్లలుంటారన్నారు."

ఎందుకమ్మ వాళ్ళిద్దరి మధ్యా వచ్చి నిలబడింది. చేతిలో పట్టీ నలిగిపోయింది. "నాలుగోవాళ్ళొస్తే మళ్ళీ మడవాలా టీచర్?" ఎవర్ని అడిగిందో తెలియలేదు. ఇద్దరూ ఒకేసారి "ఊఁ" అన్నారు.

"ఇంతమందిని ఒక్కదాన్ని పట్టలేను," అంది లెక్కల టీచరు. పత్రికల కట్ట సగానికి తుంచి నటి చేతిలో పెట్టింది. "కిటికీ వైపు నువ్వు చూడు."

నటి ముడతల్లేని చీరతో నేల మీద చతికిలబడింది. ఆమె చెప్పిన తీరు లెక్కల టీచరు తీరు కాదు. పిల్లలనే వరసగా నిలబెట్టి, ఒక పొడవాటి కాగితాన్ని అందరిచేతా పట్టించి, ఒక్కొక్కరినీ కొత్తగా చేరుస్తూ పోయింది. చేరినకొద్దీ ఒక్కొక్కరి చేతిలో కాగితం కురచవుతుంటే పిల్లలు 'వద్దొద్దు, ఇంక రావద్దు' అని అరిచారు. ఇది బాగుందే, అనుకుంది లెక్కల టీచరు. అసూయ పడింది కూడా. ఇటు తిరిగి తన సగం చూసుకుంది.

బయట వ్యాను హారన్ కొట్టింది. నటి లేవలేదు. రెండోసారి చాలా పొడుగ్గా కొట్టింది. అప్పుడు లేచి చీర దులుపుకుంది.

"రేపు సెట్లో ఉండాలండీ," అంది, తప్పు చేసినదానిలా.

"వెళ్ళు. నీ పని నువ్వు చేసుకోవాలి కదా." లెక్కల టీచరు గుమ్మం దాకా వచ్చింది. "చూడమ్మా, మళ్ళీ పరీక్ష పెడితే రాయి. పెట్టకపోయినా అడుగుతూ ఉండండి, మీరంతా కలిసి. మేమూ అడుగుతాం."

ఆ 'మేమూ' అన్న మాటలో ఎవరెవరున్నారో ఆమెకే తెలియదు. హెడ్మాస్టరు లేడని మాత్రం తెలుసు. అయినా అనేసింది. నటి తలూపి, పరుగులాంటి నడకతో వ్యాన్ ఎక్కింది.

ఆమె మళ్ళీ లోపలికి వచ్చేసరికి ఎందుకమ్మ ఇంకో పట్టీని నాలుగు మడతలు పెట్టి, రెండు పట్టీలూ ఒకదాని మీదొకటి పరిచి, కిందకి వంగి చూస్తోంది. చాలాసేపు చూసింది.

"అంటే, కింది అంకె పంచుకునేవాళ్ళదా టీచర్? ముక్కది కాదా?"

"కాదు."

"మరి ముందే చెప్పొచ్చుగా!" అంది ఎందుకమ్మ కోపంగా.

హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు. నీలం తలల పిల్లల్ని, నేల నిండా పరుచుకున్న కాగితం ముక్కల్ని చూసి, గొంతు సవరించుకున్నాడు. "టీచర్ గారూ, రేపు పొద్దున్నే మిమ్మల్ని ఆఫీసుకు రమ్మన్నారు. సంజాయిషీ రాతపూర్వకంగా కావాలట. నేను చెప్పి చూశానమ్మా, వినలేదు."

"మొదటి పిరియడు అయ్యాక వస్తానని చెప్పండి."

"పొద్దున్నే అన్నారు. ఏముంది మొదటి పిరియడులో అంత?"

"భిన్నాలండీ," అందామె, నేల మీది ముక్కలు ఏరుతూ. "ఇంకా సగం మందికి రాలేదు."